ఆరు రోజుల జూనియర్ గోల్ఫ్ క్యాంపుకు మా అమ్మాయిని పంపాలా? – ఒక కోచ్ సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. పాపకు 13 ఏళ్లు. హైదరాబాద్‌లో మూడేళ్లుగా ఆడుతోంది, 18 హోల్స్‌కు 92 నుంచి 98 మధ్య స్కోరు (తక్కువైతే మేలు) చేస్తోంది. మే నెలలో ఊరి బయట ఆరు రోజుల క్యాంపు ఉంది, నలుగురు సీనియర్ కోచ్‌లు నడుపుతున్నారు. అది ముగిసిన పది రోజులకే జూనియర్ టోర్నమెంట్. రోజూ నేర్పే కోచ్ మాత్రం "వద్దు, స్వింగ్ పాడైపోతుంది" అంటున్నారు. పాప స్నేహితురాలు కొడైకెనాల్‌లో క్యాంపుకు వెళ్తోంది, అక్కడికి పంపితే నయమా అని ఇంకో ఆలోచన. పంపితే మీరు దగ్గరుండాలా వద్దా అన్నది చివరి సందేహం.

నా సమాధానం: పంపండి. స్వింగ్ మార్పించడానికి మాత్రం పంపకండి. ఆరు రోజుల్లో స్వింగ్ మారదు. ఎలా ప్రాక్టీస్ చేయాలి, గ్రీన్ (కప్పు ఉండే నున్నటి గడ్డి) చుట్టూ ఏ షాట్ ఎంచుకోవాలి, కోర్సు మీద ఎలా ఆలోచించాలి అనేవి ఆరు రోజుల్లో బాగా నేర్పవచ్చు. అవి నేర్పే క్యాంపు అయితే మీరు కట్టే ఫీజుకు న్యాయం జరుగుతుంది. రోజంతా రేంజ్ (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే స్థలం) మీద నిలబెట్టి బంతులు కొట్టించే క్యాంపు అయితే ఆ డబ్బుతో మీ రోజువారీ కోచ్ దగ్గరే కొన్ని ప్లేయింగ్ లెసన్స్ (కోర్సు మీద ఆడుతూ నేర్చుకునే పాఠాలు) తీసుకోండి. ఇది ఏ రకం క్యాంపో ముందే కనుక్కోవచ్చు. ఎలాగో చెబుతాను.

నేను జూనియర్లకు కోచింగ్ ఇస్తాను, వేసవి క్యాంపులు నడిపిస్తాను, వేరేవాళ్ల క్యాంపుల్లో సహాయ కోచ్‌గా కూడా పనిచేశాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

స్వింగ్ ఎందుకు మారదు

క్యాంపుల్లో ప్రతిసారీ చూసే దృశ్యం ఒకటుంది. మూడో రోజుకల్లా పిల్లలు రేంజ్ మీద అద్భుతంగా కొడుతుంటారు. సెవెన్ ఐరన్ (మధ్య దూరాల క్లబ్) పట్టుకుని అదే మ్యాట్ మీద, అదే టార్గెట్‌కు నలభై బంతులు వరసగా కొడితే ఎవరికైనా లయ దొరుకుతుంది. తల్లిదండ్రులు వీడియో తీసుకుని మురిసిపోతారు. ఆ మరుసటి వారం కోర్సుకు వెళ్తే పాత స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం) మళ్లీ ప్రత్యక్షం. పిల్లలు శ్రద్ధ పెట్టలేదని ఇంట్లో చివాట్లు.

పిల్లల తప్పేం లేదండీ. ఎక్కం వరసగా అప్పజెప్పే పిల్లవాణ్ణి హఠాత్తుగా "ఏడెనిమిదులు ఎంత" అని అడిగితే తడబడతాడు చూడండి, ఇదీ అంతే. గోల్ఫ్‌లో ఒకే షాట్ రెండుసార్లు వరసగా రాదు. డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) కొట్టాక నూట ఇరవై యార్డుల షాట్, ఆ తర్వాత చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్), ఆ తర్వాత పట్ (గ్రీన్ మీద బంతిని కప్పు వైపు దొర్లించే షాట్). మధ్యలో కొంత నడక. నైపుణ్యాలు ఎలా నేర్చుకుంటాం అన్నదాని మీద పరిశోధన చేసినవాళ్లు దీన్ని ఎప్పుడో గమనించారు. 1979లో షే, మోర్గాన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో ఒకే పనిని వరసగా సాధన చేసినవాళ్లు సాధన సమయంలో బాగా చేశారు. పనులు కలగలిపి చేసినవాళ్లు అప్పుడు తడబడ్డారు గానీ, కొన్నాళ్ల తర్వాత పరీక్షిస్తే వాళ్లే ముందున్నారు. ఆ ప్రయోగం గోల్ఫ్ మీద చేసింది కాదు, ఆ తర్వాత చాలా ఆటల్లో దీన్ని పరీక్షించారు. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో నేను చూసింది కూడా ఇదే.

అందుకే మంచి క్యాంపులో పిల్లలు మధ్యలో కాస్త అధ్వానంగా కొడుతున్నట్టు కనిపించాలి. మీరు వెళ్లిన రోజు అలా కనిపిస్తే కంగారు పడకండి. నేను రేంజ్ మీద చేయించేది ఇలా ఉంటుంది: ఒక కోర్సులో మొదటి హోల్ ఊహించుకో, డ్రైవర్ కొట్టు, బంతి ఎక్కడ పడిందో చూసి మిగిలిన దూరం చెప్పు, దానికి తగ్గ క్లబ్ తీసి కొట్టు, గ్రీన్ తప్పితే చిప్ ఎక్కడి నుంచో చెప్పు. ప్రతి షాట్‌కు ముందు వెనక్కి వెళ్లి గురి చూసుకుని రావాల్సిందే. గంటలో ముప్పై బంతులు కూడా అవవు. పక్క బే‌లో పిల్లవాడు ఆపాటికి వంద కొట్టేసి ఉంటాడు. పోనివ్వండి.

మ్యాట్ గురించి కూడా ఒక మాట. మ్యాట్ మీద క్లబ్ బంతికి రెండంగుళాల వెనక తగిలినా జారి ముందుకు వెళ్తుంది, బంతి బాగానే ఎగురుతుంది. అదే ఫెయిర్‌వే (కోర్సులో కత్తిరించిన గడ్డి దారి) మీద అయితే మట్టిలో దిగబడి బంతి ముప్పై యార్డులు వెళ్లి ఆగిపోతుంది. మ్యాట్ తప్పును దాచేస్తుంది. క్యాంపులో రోజూ కొంతసేపైనా గడ్డి మీద కొట్టే వీలుందా అని తప్పకుండా అడగండి.

నలుగురు కోచ్‌లు ఉంటే లాభమా, నష్టమా?

మీ కోచ్‌గారి భయానికి అర్థం ఉంది. నలుగురు అనుభవజ్ఞులు అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. నలుగురూ నాలుగు మాటలు చెబితే పదమూడేళ్ల పిల్ల ఏం చేస్తుంది? నేను సహాయ కోచ్‌గా వెళ్లిన ఒక క్యాంపులో ఒక అబ్బాయికి పొద్దున ఒకాయన గ్రిప్ బలంగా తిప్పమన్నారు, మధ్యాహ్నం ఇంకొకాయన వీడియో చూపించి గ్రిప్ సరిగ్గానే ఉంది, నడుము ముందు తిప్పమన్నారు, సాయంత్రం మూడో ఆయన బంతిని స్టాన్స్‌లో వెనక్కి జరిపారు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. వాడి స్లైస్‌కు మూడు వైపుల నుంచి మందు వేశారంతే. మర్నాడు వాడు బంతి ముందు నిలబడి చాలాసేపు కదల్లేకపోయాడు.

ఈ విభేదాలకు ఒక అసలైన కారణం కూడా ఉంది, తల్లిదండ్రులకు తెలిస్తే మంచిది. పాతకాలం కోచింగ్‌లో బంతి స్వింగ్ వెళ్లే దారిలో బయల్దేరుతుంది, క్లబ్‌ఫేస్ (బంతికి తగిలే క్లబ్ ముఖం) ఎటు చూస్తుంటే చివరికి అటు తిరుగుతుంది అని చెప్పేవారు. ట్రాక్‌మ్యాన్ వంటి రాడార్ యంత్రాలు వచ్చాక అది చాలావరకు తలకిందులైంది. బంతి బయల్దేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది ఫేసే. ఐరన్‌తో సుమారు ముప్పావు వంతు ప్రభావం ఫేస్‌దే, డ్రైవర్‌తో ఇంకా ఎక్కువ. స్వింగ్ దారికి, ఫేస్‌కు మధ్య ఉన్న తేడా బంతి ఎటు వంగాలో నిర్ణయిస్తుంది. పాత పద్ధతిలో నేర్చుకున్న కోచ్, కొత్త పద్ధతిలో నేర్చుకున్న కోచ్ ఒకే స్లైస్‌ను చూసి వేర్వేరు సలహాలు ఇవ్వడం అందుకే.

అంతమాత్రాన యంత్రం ఉన్న కోచే గొప్ప అనుకోకండి. మన దేశంలో చాలామంది కోచ్‌లు కేడీలుగా (ఆటగాళ్ల బ్యాగు మోసేవాళ్లుగా) మొదలై ఎదిగినవాళ్లు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయుడు అలీ షేర్ కేడీగా మొదలైనవారే. 2009లో అదే టోర్నమెంట్ గెలిచిన మునియప్ప కూడా అంతే. ఆ నేపథ్యం నుంచి వచ్చిన కోచ్‌లకు గ్రీన్ చదవడం, గాలి లెక్క, చెడ్డ లై (బంతి పడి ఉన్న చోటు) నుంచి బయటపడటం ఒంటబట్టి ఉంటాయి. మన దగ్గర గ్రీన్ల మీద ఎక్కువగా ఉండేది బెర్ముడా రకం గడ్డి. అది ఒక వైపుకు వాలి పెరుగుతుంది. గడ్డి మెరుస్తూ కనిపిస్తే అది వాలిన దిశ మీకు అనుకూలం, పట్ వేగంగా వెళ్తుంది. ముదురు రంగులో కనిపిస్తే గడ్డి వాలింది మీకు ఎదురుగా, బలంగా కొట్టాలి. కప్పు అంచు చూస్తే ఒక పక్క నున్నగా, ఒక పక్క చిరిగినట్టు ఉంటుంది. చిరిగిన పక్కకే గడ్డి పెరుగుతోందని అర్థం. ఇవి ఏ స్క్రీన్ మీదా కనబడవు. నా క్యాంపుల్లో గ్రీన్ చుట్టుపక్కల పనంతా అలాంటి సీనియర్ ఒకరికి అప్పజెబుతాను, ఫుల్ స్వింగ్ వీడియోలు చూసే పని వేరొకరికి.

కాబట్టి నిర్వాహకులను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: "మా పాప విషయంలో చివరి మాట ఎవరిది?" ఒక పేరు చెప్పాలి. మిగతా ముగ్గురు ఏం గమనించినా ఆ ఒక్కరికి చెప్పాలి, పాపకు చెప్పేది ఆయనే, లేదా ఆవిడే. రాత్రి కోచ్‌లంతా కూర్చుని ఒక్కో పిల్లవాడి గురించి మాట్లాడుకునే పద్ధతి ఉందా అని అడగండి. నేను నడిపేచోట మొదటి రోజు ఏ కోచూ ఎవరినీ సరిదిద్దకూడదన్నది నియమం. పిల్లలు తొమ్మిది హోల్స్ ఆడతారు, మేం వెంట నడుస్తాం, రాసుకుంటాం. సాయంత్రం చిన్న పరీక్షలు: మూడు, ఆరు, పది అడుగుల నుంచి పట్‌లు, ఇరవై, నలభై యార్డుల పిచ్‌లు (ఎత్తుగా లేపే చిన్న షాట్లు), బంకర్ (ఇసుక గుంట) నుంచి కొన్ని. ఆ రాత్రి ఒక్కో పిల్లవాడికి ఒక్కటే పని రాస్తాం, మిగిలిన ఐదు రోజులూ అదే. సీనియర్ కోచ్‌లు దీనికి మొదట్లో విసుక్కుంటారు, కనబడిన తప్పును చూస్తూ ఊరుకోవడం వాళ్లకు నిజంగా కష్టం. నాలుగో రోజుకు వాళ్లే ఒప్పుకుంటారు.

కోచ్ ఎలా మాట్లాడుతున్నారో కూడా వినండి. "ఎడమ మోచేయి వంచకు, భుజం దించు, మణికట్టు పట్టి ఉంచు" అని ఒంటి భాగాల పేర్లే వినిపిస్తుంటే పిల్లలు బిగుసుకుపోతారు. "క్లబ్‌హెడ్‌ను ఆ చెట్టు వైపు విసురు", "బంతి ముందున్న గడ్డిని కత్తిరించు" అంటే వాళ్ల ఒళ్లే దారి వెతుక్కుంటుంది. గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1999లో కొత్తగా పిచ్ షాట్ నేర్చుకునేవాళ్ల మీద ఒక అధ్యయనం చేశారు. చేతుల కదలిక మీద దృష్టి పెట్టమన్నవాళ్ల కంటే క్లబ్ కదలిక మీద దృష్టి పెట్టమన్నవాళ్లు బాగా గురి పెట్టారు, తర్వాత రోజు కూడా.

మరి ఆరు రోజులూ ఏం నేర్పాలి?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ టోర్నమెంట్లు) షాట్ల లెక్కలన్నీ తీసి చూస్తే, మంచి ఆటగాడికీ సగటు ఆటగాడికీ ఉన్న తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద యార్డుల అవతలి షాట్ల నుంచే వస్తోందని తేలింది. పటింగ్‌తోనే డబ్బులొస్తాయన్న పాత నమ్మకం పూర్తిగా నిజం కాదన్నమాట. అలాంటప్పుడు క్యాంపులో ఫుల్ స్వింగ్ తక్కువ చేయమని నేనెందుకు అంటున్నాను?

దూరపు షాట్లు బాగుపడటానికి నెలలు, సంవత్సరాలు పడుతుంది. అది మీ రోజువారీ కోచ్ పని. గ్రీన్ చుట్టుపక్కల ఆట, షాట్ ఎంపిక, రూల్స్ ఆరు రోజుల్లో కళ్లకు కనబడేంత మారతాయి. పైగా 95 కొట్టే పిల్ల స్కోర్‌కార్డు తీసి చూడండి. బోగీలు, అంటే హోల్‌కు నిర్దేశించిన లెక్క (పార్) కంటే ఒక షాట్ ఎక్కువవడం, ఆ స్కోరును పాడుచేయవు. మూడు నాలుగు హోల్స్‌లో ఏడో, ఎనిమిదో ఉంటుంది. ఆ హోల్స్‌లో ఏం జరిగిందని అడిగితే దాదాపు ఎప్పుడూ ఒకటే కథ: డ్రైవ్ చెట్ల మధ్యకు వెళ్లింది, కొమ్మల సందులోంచి గ్రీన్‌కు కొట్టబోయింది, చెట్టుకు తగిలి ఇంకా లోపలికి పోయింది. పక్కకు చిప్ చేసి ఫెయిర్‌వేలోకి రావడం ఆమెకు వచ్చు. రావాలన్న నిర్ణయమే తీసుకోలేదు. ఆ నిర్ణయం నేర్పడానికి స్వింగ్ పాఠాలు అక్కర్లేదు, పక్కన నడిచే కోచ్ కావాలి.

అందుకని రోజులో సగం సమయమైనా కోర్సు మీద ఉండాలి, ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక కోచ్ చొప్పున. ఫార్వర్డ్ టీల (గ్రీన్‌కు దగ్గరగా ఉండే, మొదటి షాట్ కొట్టే చోట్ల) నుంచి ఆడించాలి. పిల్లలు పార్ ఫోర్ (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్) గ్రీన్‌ను రెండు షాట్లలో చేరగలిగే దూరం అయితేనే ఆలోచించడానికి ఏదైనా ఉంటుంది, లేకపోతే ప్రతి హోల్ బలం పరీక్షే. నేను ఎక్కువగా ఆడించేది "చెడ్డ బంతి" ఆట: ప్రతిసారీ రెండు బంతులు కొట్టాలి, రెండింటిలో అధ్వానంగా పడినదాని నుంచే తర్వాతి షాట్. మొదటి రెండు హోల్స్‌లో ఏడుపు మొహాలు పెడతారు. నాలుగో హోల్ నుంచి జెండాను వదిలేసి గ్రీన్ మధ్యకు గురి పెట్టడం మొదలవుతుంది, ఎవరూ చెప్పకుండానే. నా దగ్గరి ఒక అమ్మాయి స్వింగ్‌లో ఏమీ మార్చకుండా, జెండా గ్రీన్ అంచున ఉంటే మధ్యకే కొట్టాలన్న ఒక్క నియమంతో ఆ సీజన్‌లో మొదటిసారి 90 లోపు స్కోరు చేసింది.

గ్రీన్ దగ్గరికి వస్తే, పార్ పద్దెనిమిది ఆట చాలా క్యాంపుల్లో ఉంటుంది, ఉండాలి కూడా. గ్రీన్ చుట్టూ తొమ్మిది చోట్ల బంతి పెడతారు. ప్రతి చోటికీ పార్ రెండు, అంటే ఒక చిప్, ఒక పట్. మొత్తం పార్ 18. మీ పాప స్థాయిలో 25, 26 వస్తే మామూలే. రోజూ ఆ అంకె రాసుకుంటే క్యాంపు ఉపయోగపడిందో లేదో వీడియో కంటే అదే బాగా చెబుతుంది.

పటింగ్‌లో పిల్లల మీద పెద్దలు పెట్టే టెన్షన్ గురించి చెప్పకుండా ఉండలేను. పీజీఏ టూర్ ప్రొఫెషనల్స్ ఎనిమిది అడుగుల పట్‌లను సుమారు సగమే కప్పులో వేస్తారు. మళ్లీ చదవండి, సగమే. ఎనిమిది అడుగుల పట్ తప్పిన పిల్లవైపు నుదురు కొట్టుకుంటూ చూసే నాన్నలను నేను ప్రతి టోర్నమెంట్‌లో చూస్తాను. ఆ పిల్ల తర్వాతి హోల్‌లో మూడడుగుల పట్ కూడా వణుకుతూ కొడుతుంది. క్యాంపులో పటింగ్ అంటే ముప్పై, నలభై అడుగుల నుంచి బంతిని కప్పుకు మూడడుగుల లోపు ఆపడం నేర్పాలి. ఒకే హోల్‌లో మూడు పట్‌లు కొట్టాల్సి రావడం తగ్గేది అక్కడే.

రూల్స్‌కు ఒక పూట కేటాయించాలి, అదీ కోర్సు మీదే. 2019లో రూల్స్ బాగా మారాయి: బంతి వెతకడానికి మూడు నిమిషాలే, డ్రాప్ మోకాలి ఎత్తు నుంచి, ఒక షాట్‌కు 40 సెకన్లకు మించకపోవడం మంచిది. బ్యాగులో 14 క్లబ్‌లకు మించి ఉండకూడదన్నది పాత రూలే, అయినా చెల్లెలి క్లబ్ ఒకటి బ్యాగులో ఉండిపోయి పెనాల్టీ పడ్డవాళ్లున్నారు. అన్నిటికంటే ఎక్కువగా పిల్లలను దెబ్బతీసేది ప్రొవిజనల్ బంతి. డ్రైవ్ ఎక్కడో పొదల్లోకి వెళ్లింది, ఎందుకైనా మంచిదని ఇంకో బంతి కొట్టాలి. కొట్టేముందు "ప్రొవిజనల్" అని తోటి ఆటగాళ్లకు స్పష్టంగా చెప్పాలి. "ఇంకోటి కొడతాను" అంటే చాలదు. చెప్పకుండా కొడితే ఆ రెండో బంతే ఆటలో ఉన్న బంతి అవుతుంది, పెనాల్టీతో సహా. మొదటిది ఫెయిర్‌వే పక్కనే దొరికినా దాన్ని ఆడకూడదు. నా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒకతె సరిగ్గా ఇలాగే మొదటి బంతి దొరికిందన్న సంతోషంతో దాన్ని ఆడేసింది, తప్పు సరిదిద్దుకోకుండా తర్వాతి హోల్‌కు వెళ్లింది, డిస్‌క్వాలిఫై అయింది. ఆ రోజు ఆమె స్వింగ్ బ్రహ్మాండంగా ఉంది.

ఎండ, నడుము, బంతుల లెక్క

కొడైకెనాల్ సంగతి. చల్లదనం నిజమైన లాభమే. కాకపోతే కొడైకెనాల్ రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, హైదరాబాద్ సుమారు 540 మీటర్లు. పైన గాలి పలుచన కాబట్టి బంతి ఐదారు శాతం ఎక్కువ దూరం వెళ్తుంది, చలి దాన్ని కొంత తగ్గిస్తుంది. అక్కడ ఏ క్లబ్ ఎంత దూరం అని రాసుకున్న లెక్క ఇక్కడ పనికిరాదు. పది రోజుల్లో ఇక్కడి టోర్నమెంట్ ఉంది కాబట్టి మీ పరిస్థితిలో నేనైతే ఇక్కడి క్యాంపుకే పంపుతాను. టోర్నమెంట్ లేకపోతే కొడైకెనాల్‌కు అభ్యంతరం లేదు.

ఇక్కడి మే ఎండలో టైమ్‌టేబుల్ చూడకుండా డబ్బు కట్టకండి. పొద్దున ఆరుకల్లా మొదలై తొమ్మిదిన్నరకు ముగియాలి. తర్వాత నీడలో రూల్స్, వీడియో, నిద్ర. మళ్లీ నాలుగున్నర తర్వాత గ్రీన్ పని. పదకొండింటికి పిల్లలు రేంజ్ మీద ఉన్న టైమ్‌టేబుల్ చూస్తే అక్కడితో ఆ క్యాంపును వదిలేయండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఇచ్చే మనిషి ఒకరు ఉండాలి. తలనొప్పి, వాంతి వచ్చేట్టుంది అని పిల్లలు అంటే ఆ పూటకు ఆట లేదు, నీడకు తీసుకెళ్లి ఒళ్లు చల్లబరచాలి. మేలో సాయంత్రాలు ఉరుములు కూడా వస్తాయి. మొదటి ఉరుముకే కోర్సు ఖాళీ చేసే నియమం ఉందా అని అడగండి. చేతిలో లోహపు క్లబ్, చుట్టూ మైదానం.

13 ఏళ్లంటే ఎముకలు సాగుతున్న వయసు. ఒకేసారి వందల కొద్దీ ఫుల్ స్వింగ్‌లు నడుముకు, మణికట్టుకు మంచివి కావు. ఆ వయసు పిల్లలకు రోజుకు ఫుల్ స్వింగ్‌లు నూరు దాటనివ్వను, ఇది నా సొంత హద్దు. నడుము నొప్పి అంటే "అలవాటవుతుంది" అని చెప్పే కోచ్ దగ్గర పిల్లను ఉంచకండి, ఆపి డాక్టర్‌కు చూపించాలి. ఫుల్ స్వింగ్ సమయంలో ఆరుగురికి ఒక కోచ్ కంటే తక్కువ ఉండకూడదు. ఇది నేర్పడం కోసం ఎంతో భద్రత కోసం అంతకంటే ఎక్కువ. వెనక నిలబడ్డ పిల్లవాడికి క్లబ్ తగిలితే దెబ్బ తలకే.

కోచ్‌ల అర్హతల విషయంలో, ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద ఉన్న నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా కోచ్‌లకు శిక్షణ, సర్టిఫికెట్లు ఇస్తుంది. అది ఉందా అని అడగడం మర్యాద తప్పేమీ కాదు. ఉన్నంత మాత్రాన పిల్లలతో మెలగడం తెలుసని కాదు. గత ఏడాది వెళ్లిన పిల్లల తల్లిదండ్రులు ఇద్దరి నంబర్లు తీసుకుని మాట్లాడండి. అమ్మాయిలు రాత్రి బస చేసే క్యాంపు అయితే మహిళా కోచో, వార్డెనో తప్పనిసరి. క్యాంపులోనే కొత్త క్లబ్‌ల సెట్ అమ్మే ప్రయత్నం చేస్తే మర్యాదగా తప్పుకోండి. టోర్నమెంట్ ముందు క్లబ్‌లు మార్చే సమయం కాదది.

మీ కోచ్‌గారి సంగతి, ఆ పది రోజులు

మీ కోచ్‌ను పక్కనపెట్టి పంపితే ఆయన భయమే నిజమవుతుంది. ఆయన చేతే ఒక పేజీ రాయించండి: ఇప్పుడు పాపతో ఏం చేయిస్తున్నారు, ఏది ముట్టుకోవద్దు. అది క్యాంపు ముఖ్య కోచ్‌కు ఇవ్వండి. టోర్నమెంట్ తేదీ అందులో పెద్దగా ఉండాలి. గ్రిప్, బ్యాక్‌స్వింగ్ మార్చవద్దు అని స్పష్టంగా అడగండి. అనుభవం ఉన్న కోచ్ అయితే సరేనంటారు. "మా పద్ధతి వేరు, మొదటి నుంచి కట్టుకొస్తాం" అంటే టోర్నమెంట్ అయ్యాక వస్తామని చెప్పి వచ్చేయండి. క్యాంపు చివర్లో వాళ్ల నుంచి కూడా ఒక పేజీ రావాలి, మీ కోచ్‌కు అర్థమయ్యే మాటల్లో: ఏం గమనించారు, ఏ ఒక్క పని మీద పనిచేశారు, ఏ డ్రిల్ కొనసాగించాలి. ఇద్దరూ ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

క్యాంపు అయ్యాక మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఆ తర్వాత వారం మీ కోచ్ దగ్గర, గ్రీన్ పని, తొమ్మిది హోల్స్ చొప్పున ఆట. టోర్నమెంట్ ముందు రోజు ప్రాక్టీస్ రౌండ్‌లో స్కోరు లెక్కపెట్టకుండా ప్రతి గ్రీన్ మీద దూరపు పట్‌లు కొట్టి వేగం తెలుసుకుంటే చాలు.

మీరు అక్కడ ఉండాలా అంటే, మొదటి సాయంత్రం వెళ్లండి, కోచ్‌లతో మాట్లాడి వచ్చేయండి. చివరి రోజు మళ్లీ వెళ్లండి. మధ్యలో వద్దు. నాన్న రేంజ్ వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటే ప్రతి షాట్ తర్వాత పిల్ల తల బంతి వైపు కాకుండా కుర్చీ వైపు తిరుగుతుంది, ఇది అందరు పిల్లల్లోనూ చూశాను. టోర్నమెంట్‌లో అయితే ఇంకో కారణం కూడా ఉంది: రౌండ్ నడుస్తుండగా "నాన్నా, ఏ క్లబ్ కొట్టను?" అని పాప అడిగితే ఆమెకే రెండు స్ట్రోకుల పెనాల్టీ. మీరు దూరంగా నడవడం క్యాంపు నుంచే అలవాటు చేసుకోండి.

టోర్నమెంట్ ఏ కోర్సులోనో, పాపను ఏ టీల నుంచి ఆడిస్తున్నారో, ఈ మధ్య ఆడిన రెండు మూడు స్కోర్‌కార్డుల్లో ఏడు దాటిన హోల్స్ ఏవో ఇక్కడ రాస్తే, క్యాంపులో ఏ ఒక్క పని మీద దృష్టి పెట్టమని కోచ్‌ను అడగాలో చెబుతాను.